చెయ్యి పడేదాకా

ఆ ఏడాది చలికాలం ముందు మా అలబామాలో ఏ ఇద్దరు కలిసినా ఒకటే వాదన. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో మా కాలేజీ జట్టు వరసపెట్టి అందర్నీ ఓడిస్తోంది. ఎక్కడో ఉత్తరాన, మంచు కురిసే ఊళ్లో, జీతాలకు ఆడే పెద్దవాళ్ల జట్టొకటి వరసపెట్టి అందరి చేతా ఓడిపోతోంది. ఈ రెండు జట్లనూ ఒక మైదానంలో వదిలితే ఎవరు గెలుస్తారు? చర్చి మెట్ల మీద, మంగలి షాపులో, నేను పనిచేసే బీమా ఆఫీసులో, అంతటా ఇదే గోల. బయటివాళ్లకు అది పనిలేనివాళ్ల వాదన. మా ఇంట్లో మాత్రం అది అమ్మ చేతుల గురించిన వాదన.

అమ్మ కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. మంచుగడ్డలా ఉండే గదిలో నిలబడి, కొక్కేలకు వేలాడుతూ కదిలొచ్చే కోళ్లను కోయడం ఆమె పని. ఏళ్ల తరబడి అదే కోత. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయి, తలుపు తాళం తిప్పడానికి కూడా నన్నే పిలిచేది. మా తమ్ముడు టవారిస్ ఆ కాలేజీ జట్టులోనే ఆడేవాడు. దూరం నుంచి విసిరిన బంతిని అందుకుని, చంకలో పెట్టుకుని దౌడు తీయడం వాడి పని. రాష్ట్రంలో వాడి పేరు తెలియని చంటిపిల్లాడు లేడు. ఇంకో ఏడాది చదువు మిగిలి ఉన్నా, జనవరిలో వాడు ఒక్క మాట చెప్పి కాలేజీ వదిలేస్తే చాలు, జీతాల జట్లు ఎగరేసుకుపోతాయి. అమ్మ ఇక ఆ చలిగదిలో అడుగు పెట్టక్కర్లేదు. నాకు కావాల్సింది అంతే. అందుకే మన కుర్రాళ్లు ఆ పెద్దవాళ్లను చితక్కొడతారని ఎవరన్నా నా ప్రాణం లేచొచ్చేది.

సరిగ్గా అప్పుడే హాలిస్ గ్రేడీ అనే మనిషి మా ఇంట్లోకి వచ్చాడు.

నలభై అయిదు దాటిన మనిషి. రొట్టెల కంపెనీ వ్యాను నడిపేవాడు. చర్చిలో అమ్మ వెనక వరసలో కూర్చునేవాడు కాస్తా పక్క వరసకి, తరవాత పక్క కుర్చీకి, ఎండాకాలం అయ్యేసరికి మా భోజనాల బల్ల దగ్గరికి చేరాడు. వచ్చేటప్పుడు చేతిలో రొట్టె, మొహాన చిన్న నవ్వు. అంతకుమించి మాటల్లేవు. మాటలు తక్కువున్న మనిషంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. కారు గుద్దుకుంది, మెడ విరిగింది, డబ్బివ్వండి అని మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో నిజమెవరిదో, నాటకమెవరిదో పసిగట్టడం నా ఉద్యోగం. ఎక్కువ వాగేవాళ్లు తొందరగా దొరికిపోతారు. నోరు మూసుకుని కూర్చునేవాళ్లే ముప్పుతిప్పలు పెడతారు.

అక్టోబరులో ఒక శనివారం. ఆట మొదలవడానికి ఇంకా బోలెడు టైముంది. స్టేడియం బయట కార్లు ఆపే చోట మా మామయ్య క్లియోఫస్ ప్రతి శనివారం వేసే టెంటే వేశాడు. ఆయన అమ్మకు అన్న. నోట్లో నువ్వుగింజ నానదు. పీపాను నిలువునా కోసి చేయించిన పొయ్యి మీద పక్కటెముకల మాంసం కాలుస్తూ, పొగలోంచే ప్రసంగం అందుకున్నాడు.

"ఆ మంచు ఊరివాళ్లకి బంతికీ బంగాళదుంపకీ తేడా తెలీదు. మన పిల్లలు పళ్లు కూడా తోముకోకుండా వెళ్లి ఓడించి, మధ్యాహ్నం క్లాసుకి వచ్చేస్తారు."

"పిల్లలు క్లాసుకి వెళ్లడం నువ్వెప్పుడు చూశావన్నయ్యా?" అంది అమ్మ.

"అది వేరే సంగతి."

అమ్మ నవ్వుతూ, దాచుకోలేని గర్వంతో అంది, "హాలిస్‌ని అడుగు. ఆయన ఆడింది ఆ జట్టులోనే."

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లంతా అతని వైపు తిరిగారు. నేను వినడమూ అదే మొదటిసారి. మామయ్య చేతిలోని పట్టకారు గాల్లో ఆగిపోయింది.

"ఏ జట్టులో?"

"మీరంటున్న జట్టులోనే. రెండేళ్లు. చాలాకాలం కిందట," అన్నాడు హాలిస్.

"ఎన్ని గెలిచారు?"

"మొదటి ఏడాది రెండు."

"రెండో ఏడాది?"

హాలిస్ మంచుపెట్టె మూత ఎత్తి లోపలికి చూశాడు. "ఐస్ అయిపోయేలా ఉంది. తెస్తాను," అని లేచి వెళ్లిపోయాడు. ఆ పెట్టె నిండా ఐస్ ఉంది. అతను లేచిన చోట నిలబడి నేనూ మూత ఎత్తి చూశాను.

"అబద్ధం మామయ్యా," అన్నాను.

"ఊరుకోవే. అబద్ధం ఆడేవాడు మంచి జట్టు పేరు చెప్పుకుంటాడు. ఆ దరిద్రపు జట్టులో ఆడానని ఎవడు చెప్పుకుంటాడు?"

"తెలివైనవాడు చెప్పుకుంటాడు. ఎవరూ అనుమానించరని."

మామయ్య నా మొహంలోకి చూసి, "నీకు పెళ్లెందుకు కాలేదో ఇప్పుడర్థమైంది," అని మాంసం తిరగేశాడు.

ఆ రోజు నుంచి నా కన్ను అతని మీదే. మా ఊళ్లో హైస్కూల్లో రెండాటలు ఆడినవాడు కూడా ఆ చొక్కాను అద్దాల చట్రంలో బిగించి హాల్లో తగిలిస్తాడు. జీతాల జట్టులో ఆడిన మనిషి దగ్గర ఒక ఫొటో లేదు, ఒక టోపీ లేదు. టీవీలో ఆ మంచు ఊరి ఆట వస్తే చాలు, వ్యానులో ఏదో మర్చిపోయానంటూ బయటికి వెళ్లి వరండాలో కూర్చుంటాడు. ఎవరి పేరైనా క్షణంలో వెతికి పట్టుకునే రోజులు కావవి. ఉత్తరాన వెయ్యి మైళ్ల దూరంలో ఎవర్నని అడగను? నాకు తెలిసిన విద్యలే ప్రయోగించాను.

మెడనొప్పి నాటకమాడేవాళ్లకు మా ఆఫీసులో ఒక పరీక్ష ఉంది. పరాకుగా ఉన్నప్పుడు వెనకనుంచి పేరు పెట్టి పిలవాలి. నాటకమైతే మెడ చటుక్కున తిరుగుతుంది. నిజంగా దెబ్బతిన్నవాడు భుజాలతో సహా తిరుగుతాడు. ఆ పెద్ద ఆట ఆడినవాడి మెడ దెబ్బతినకుండా ఉండదు. ఒక సాయంత్రం హాలిస్ మా వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే గుమ్మంలోంచి గట్టిగా పిలిచాను. పళ్లెం చేతిలో పట్టుకుని, తలుపు తిరిగినట్టు నిలువునా నా వైపు తిరిగాడు. మెడ కదల్లేదు.

"ఏం కావాలమ్మాయ్?"

"ఏం లేదు. ఉప్పు ఎక్కడుందోనని."

"నీ ఇంట్లో ఉప్పు నన్నడుగుతున్నావా?" అన్నాడు.

మెడ నిజమే కావచ్చు. అయితే మాత్రం? రొట్టెల బుట్టలు మోసినా మెడ పడుతుంది. పైగా ఆ పరీక్ష సంగతి అతనికి ముందే తెలుసేమో. నా అనుమానం తగ్గకపోగా ఇంకాస్త ముదిరింది.

నవంబరులో ఒక ఆదివారం టవారిస్ భోజనానికి వచ్చాడు. ముందురోజు ఆటలో వాడు చేసిన పరుగు గురించి చర్చిలో పాస్టర్ గారే దేవుడి కంటే ముందు మాట్లాడారు. వాడు రెండోసారి మాంసం వడ్డించుకుంటూ, మెల్లగా కదిపాడు.

"అక్కా, వెళ్లిపొమ్మంటున్నారు అందరూ. ఈ ఏడాదితో ఆపేసి పెద్ద ఆటకి వెళ్లిపొమ్మని. ఫోన్లు ఆగట్లేదు."

"మరింకేం?" అన్నాను. అమ్మ చేతుల వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఆమె చెంచాను గుప్పిట్లో చిన్నపిల్లలా పట్టుకుని ఉంది.

టవారిస్ బల్ల అవతలికి తిరిగాడు. "మీరేమంటారు హాలిస్ గారూ?"

నాకు ఒళ్లు మండింది. కన్నతల్లినీ, తోడబుట్టినదాన్నీ వదిలేసి రొట్టెలాయన్ని అడుగుతున్నాడు వీడు. హాలిస్ నోట్లోది నమిలి మింగి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు.

"ఇంకో ఏడాది ఉండు."

"ఎందుకుట?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"పచ్చిగా ఉన్నాడు."

"రాష్ట్రం మొత్తంలో వాణ్ణి పట్టుకోగలిగినవాడు లేడు."

"రాష్ట్రంలో లేడు," అన్నాడు.

టవారిస్‌కి కాస్త రోషం వచ్చింది. "మా జట్టు మీ పాత జట్టుని ఓడించేస్తుందని ఊరంతా అంటోంది కదండీ. వాళ్లతోనే ఆడలేనా నేను?"

"ఆ జట్టులో అందరికంటే చేతకానివాడు ఒకడుంటాడు బాబూ. వాడు కూడా ఎక్కడో ఒక ఊరికి టవారిసే. వాడి కోసం కూడా ఓ మామయ్య మాంసం కాలుస్తూ ఇవే కబుర్లు చెప్పి ఉంటాడు. అక్కడికి వెళ్లాక అందరూ టవారిస్‌లే. ఇక్కడ ఆడినట్టే అక్కడా ఆడితే ఓడిపోతారు."

టవారిస్ పళ్లెంలో మాంసం అలాగే ఉండిపోయింది. వీడి మనసులో ఆ మాట నాటుకుంటోందని నాకు భయం వేసింది.

హాలిస్ అంతగా ఎందుకు ఆపాలనుకుంటున్నాడు? ఆ ప్రశ్నకు జవాబు ఆ వారంలోనే నా కంటపడింది. కిరాణా కొట్టు వెనకాల, సరుకు దింపే చోట రొట్టెల వ్యాను ఆగి ఉంది. దాని పక్కన హాలిస్. ఎదురుగా కాలేజీ రంగు టై కట్టుకున్న మనిషి. కార్లమ్మే పెద్దమనిషి, ఎప్పుడూ కోచ్‌ల చుట్టూ తిరుగుతూ, మంచి ఆటగాళ్లు కాలేజీ దాటిపోకుండా చూడటమే పుణ్యకార్యం అనుకునే రకం. ఇద్దరూ గుసగుసగా ఏదో మాట్లాడుకున్నారు. చివర్లో టై మనిషి హాలిస్ భుజం తట్టి వెళ్లిపోయాడు. నేను కార్లో కిందికి జారి కూర్చుని అంతా చూశాను. అదన్నమాట సంగతి. ఈయన్ని మా ఇంట్లోకి పంపిందే వాళ్లన్నమాట.

ఆ సాయంత్రం వరండాలో పట్టుకున్నాను.

"ఆ టై ఆయనతో మీకేం పని?"

"రొట్టె పని."

"అంత పెద్దమనిషి రొట్టె కోసం కొట్టు వెనకాలకి వస్తాడా?"

"తాజాగా దొరుకుతుంది," అన్నాడు. నేను కదలకుండా నిలబడితే నవ్వి, "నువ్వు ఆ బీమా ఆఫీసు వదలకమ్మాయ్. నీకు అక్కడ మంచి భవిష్యత్తుంది," అన్నాడు.

అమ్మతో చెప్పాను. ఆమె గోరువెచ్చటి ఉప్పునీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని, "నువ్వు పుట్టగానే నర్సుని కూడా అలాగే చూశావే," అంది.

"నవ్వులాట కాదమ్మా. వాడికి మన టవారిస్ వెళ్లిపోతే కుళ్లు. లేదా ఎవరో నేర్పించి పంపారు. రెండిట్లో ఏదో ఒకటి."

"మూడోది ఉండకూడదా?"

"ఏమిటది?"

"ఆయన అనుకున్నదే చెప్పి ఉండొచ్చుగా." అమ్మ చేతులు నీళ్లలోంచి తీసి తువ్వాలుతో ఒత్తుకుంది. తరవాత అటు తిరిగి అంది, "వసంతకాలంలో పెళ్లి చేసుకుందామంటున్నారు. నేను సరేనన్నాను."

పెళ్లిలోపు అతని బండారం బయటపెట్టాలని ఆ క్షణంలోనే గట్టిగా అనుకున్నాను.

థాంక్స్ గివింగ్ పండగ మామయ్య ఇంట్లో. పెరట్లో పెద్ద గుండిగలో నూనె కాచి టర్కీ కోడిని నిలువునా దింపాడు మామయ్య. మధ్యాహ్నం అందరం కదల్లేనంత తిన్నాం. ఆ తరవాత పెరట్లో బంతాట మా ఇంటి ఆనవాయితీ. ఒక కొసన బట్టలారేసే గుంజలు, రెండో కొసన పికాన్ చెట్టు, అవే హద్దులు. మామయ్య గొడ్డలి పట్టుకున్నట్టు బంతి పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"రాష్ట్రమంతా నెలల తరబడి కొట్టుకుంటున్న సంగతి ఇవాళ నా పెరట్లో తేల్చేద్దాం. కాలేజీల్లో అందరికంటే గట్టివాడు నా మేనల్లుడు. జీతాల జట్లలో అందరికంటే చచ్చు జట్టువాడు మన హాలిస్. ఇద్దరూ దిగండి. నేను విసురుతా, మేనల్లుడు పట్టుకోవాలి, హాలిస్ ఆపాలి. మూడు బంతులు."

"చర్చి ప్యాంటు వేసుకున్నాను," అన్నాడు హాలిస్.

"ఇరవై ఏళ్ల కింద ఆడిన మనిషన్నయ్యా, వదిలెయ్," అంది అమ్మ.

"నిజంగా ఆడి ఉంటే మర్చిపోరుగా," అన్నాను నేను.

హాలిస్ నా వైపు, భుజాలతో సహా, నిలువునా తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కళ్లజోడు తీసి అమ్మ చేతికిచ్చి పచ్చికలోకి దిగాడు. "ఇద్దర్లో ఎవరి కాలు విరిగినా మిగిలినవాణ్ణి ఆ నూనెలో వేయిస్తాను," అని అమ్మ హెచ్చరించింది.

మొదటి బంతికి టవారిస్ గాలిలా దాటిపోయాడు. హాలిస్ తిరిగేలోపే గుంజల అవతల బంతి పట్టుకుని నిలబడ్డాడు. మామయ్య పెరడంతా గంతులేశాడు. "చూశారా? తేలిపోయింది. కాలేజీదే గెలుపు."

నాకూ సంతోషమే. అయినా ఎంత చచ్చు జట్టయినా ఇంత సులువుగా వదిలేస్తారా అనిపించి, అనుమానం ఇంకో మెట్టెక్కింది.

రెండో బంతికి టవారిస్ కదలబోతుంటే హాలిస్ అరచెయ్యి వాడి రొమ్ము మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. తలుపు మూసినట్టు పెట్టాడంతే. టవారిస్ కుడికి వెళ్లబోతే చెయ్యి అక్కడుంది, ఎడమకు వెళ్లబోతే అక్కడా ఉంది. వాడు విడిపించుకునేసరికి బంతి ఎక్కడో పొదల్లో పడింది.

"అలా చెయ్యొచ్చా?" అన్నాడు టవారిస్ రొప్పుతూ.

"అక్కడ చెయ్యొచ్చు," అన్నాడు హాలిస్.

అదృష్టం అనుకున్నాను. మూడో బంతి మామయ్య ఎత్తుగా విసిరాడు. టవారిస్ అందంగా అందుకుని గిరుక్కున తిరిగాడు. ఉదయం కురిసిన వానకి పికాన్ ఆకులు నానిపోయి ఉన్నాయి. కాలు జారింది. మోకాలు నేలకి తగిలింది. దగ్గర్లో ఎవరూ లేరు. హాలిస్ ఇంకా నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కాలేజీ ఆటలో మోకాలు ఆనితే ఆట ఆగిపోయినట్టే కదా, వాడు నవ్వుకుంటూ లేచి, ప్రతి శనివారం అంపైర్ కోసం పెట్టినట్టే బంతిని గడ్డిలో పెట్టి, ప్యాంటు దులుపుకోసాగాడు.

హాలిస్ వచ్చి, వంగి, ఆ బంతి తీసుకుని రెండో వైపుకి నడక మొదలుపెట్టాడు.

"అయిపోయిందయ్యా. పిల్లాడి మోకాలు ఆనింది," అన్నాడు మామయ్య.

"వాడి మీద ఎవరి చెయ్యి పడింది?" అన్నాడు హాలిస్, వెనక్కి తిరక్కుండానే.

అప్పుడు వెలిగింది టవారిస్‌కి. పెద్దవాళ్ల ఆటలో పడినంత మాత్రాన అయిపోదు. పడ్డవాడి మీద ఎదుటివాడి చెయ్యి పడాలి. అప్పటిదాకా లేచి పరిగెత్తొచ్చు. బంతి వదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. వాడు ఒక్క కేక పెట్టి వెంటపడ్డాడు. హాలిస్ కూడా పరుగందుకున్నాడు. ఆ పరుగు చూడటానికి బాగాలేదు. చెట్టు దగ్గరికి చేరబోతుంటే మోకాలు మడతపడి బోర్లా పడిపోయాడు. టవారిస్ నవ్వుతూ ఆగిపోయాడు.

"సరిపోయింది. వాడూ పడ్డాడు, నువ్వూ పడ్డావు. లే, చిలగడదుంప మిఠాయి తిందాం," అన్నాడు మామయ్య.

హాలిస్ లేవలేదు.

బంతి పొట్ట కింద ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ బిగించి, మోకాళ్లు లోపలికి ముడుచుకుని, చెంప బురదలో ఆనించి అలాగే ఉండిపోయాడు. అమ్మ "హాలిస్," అని పిలిచింది. పలకలేదు. గుండె ఆగిందేమోనని నేను పరిగెత్తాను. దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కకి చూస్తున్నాయి, ఎవరొస్తున్నారా అని. చేతుల మీద నరాలు తేలి ఉన్నాయి. ఆ పెరట్లో మేం ఎవరమూ ఆయనకి కనబడటం లేదని నాకనిపించింది.

టవారిస్ నవ్వు ఆపి, మెల్లగా వచ్చి, వంగి, ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టాడు.

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. చేతులు సడలాయి. బంతి తీసి టవారిస్‌కి అందించి, వాడి భుజం పట్టుకుని లేచారు.

ఆ నియమం ఆదివారాలు టీవీ చూసే ప్రతివాడికీ తెలుసు. దాన్ని పట్టుకుని ఆయన నిజం చెప్పారని రాసిస్తే మా మేనేజరు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడు. కానీ నేను చూసింది నియమాన్ని కాదు. చర్చి ప్యాంటుతో, తడి ఆకుల్లో, పండగపూట, నలుగురూ నవ్వుతున్నా ఒక చెయ్యి పడేదాకా లేవని ఆ ఒంటిని చూశాను. అలా పడుకోవడం టీవీ చూసి రాదు. నేను చేసిన పరీక్షలన్నీ ఒకపక్క, ఇదొకపక్క. నాకు సిగ్గుగా అనిపించింది, కోపం కూడా వచ్చింది.

వెనక మెట్ల మీద కూర్చోబెట్టి అమ్మ ఆయన మొహం తుడిచింది. టవారిస్ కింద గడ్డిలో కూర్చున్నాడు. వాడు అడగలేదు. ఆయనే చెప్పారు.

"రెండో ఏడాది మేం ఒక్కటీ గెలవలేదు. ఒకటి గెలవాల్సింది. ఆట ఆఖర్లో అవతలివాళ్ల బంతిని నేను లాక్కున్నాను. లాక్కుని పడ్డాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. లేచి, బంతి గడ్డిలో పెట్టి, చేతులు పైకెత్తుకుని మావాళ్ల దగ్గరికి పరిగెత్తాను. కాలేజీలో అన్నేళ్లూ చేసిన పనే." అరచేతి బురద ప్యాంటుకి తుడుచుకున్నారు. "వెనక్కి తిరిగేసరికి వాళ్లవాడు ఆ బంతి పట్టుకుని వెళ్లిపోతున్నాడు. మంగళవారం పొద్దున ఒకాయన వచ్చి, కోచ్ పిలుస్తున్నాడు, నీ ఎత్తుగడల పుస్తకం కూడా తీసుకురా అన్నాడు. పుస్తకం తెమ్మంటే ఇక ఇంటికి పొమ్మని."

"మీకా నియమం తెలీదా?" అన్నాడు మామయ్య. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"మొదటిరోజే చెప్పారు. తెలుసు. తలకి తెలుసు. కాళ్లకి తెలియడానికి టైం పడుతుంది. ఆ టైం అక్కడ ఎవరూ ఇవ్వరు." టవారిస్ వైపు తిరిగారు. "నువ్వు వాళ్లకంటే వేగం. అది నిజం. ఇవాళ ముసలాణ్ణి, నా చేతిలోనే రెండుసార్లు ఓడిపోయావు, అదీ నిజం."

టవారిస్ గడ్డిపోచలు పీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. వాడి మొహంలో ఇంత పెద్దరికం నేనంతకుముందు చూడలేదు.

క్రిస్మస్‌కి ఇంటికొచ్చి వాడు అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు. ఇంకో ఏడాది కాలేజీలోనే ఉంటానని. చెబుతూ ఆమె చేతులు పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లు ఆగిన చేతులు, ఇంకో ఏడాది ఆగలేవా?" అంది అమ్మ.

నేను స్నానాలగదిలోకి వెళ్లి, నీళ్లు వదిలి, ఏడ్చాను. ఆయన చెప్పింది సరైన మాటేనని తెలిసినా ఏడుపొచ్చింది. మాట సరైనదైనా మళ్లీ పొద్దున్నే ఆ చలిగదిలోకి వెళ్లాల్సింది అమ్మే కదా.

సంగతి ఎలా పొక్కిందో, రెండో రోజుకల్లా టై మనిషి మా ఇంటికి ఇంత పంది తొడ, దానికి ఎర్ర రిబ్బను కట్టించి పంపాడు. నా అనుమానం మళ్లీ పడగెత్తింది. హాలిస్ గారు దాన్ని చూసి, వ్యానులో పెట్టుకుని వెనక్కి ఇచ్చొచ్చారు. కొట్టు వెనకాల ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. పెళ్లయ్యాక కూడా అడిగాను. రొట్టె పని అనే అంటారు. ఆ ఒక్కటీ నేను నమ్మను.

ఆ ఏడాది మంచు ఊరి జట్టు ఆఖరి ఆట క్రిస్మస్ తరవాతి ఆదివారం టీవీలో వచ్చింది. ఆయన వ్యానులో ఏమీ మర్చిపోలేదు. హాల్లో కుర్చీలోనే కూర్చున్నారు. వాళ్లవాడెవడో జారిపడితే, "లే, పరిగెత్తు, ఎవరూ రాలేదింకా," అని తనలో తాను అనుకోవడం వంటింట్లోకి వినిపించింది. వాళ్లు ఆ ఆటా ఓడిపోయారు. కాసేపటికి చప్పుడు లేదు. తొంగిచూస్తే ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, అలాగే నిద్రపోతున్నారు.

అమ్మ ఉప్పునీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని ఉంది. "భోజనం చల్లారిపోతోంది, ఆయన్ని లేపవే," అంది.

గుమ్మంలోంచి పిలిచాను. కదల్లేదు. ఇంకోసారి పిలిచాను. ఆయన మా ఇంటికి రావడం మొదలుపెట్టి అన్ని నెలలైనా, కనీసం చెయ్యి కలిపి ఎరగను నేను. దగ్గరికి వెళ్లి, వీపు మీద అరచెయ్యి పెట్టాను.

"అయిపోయిందా?" అన్నారు, కళ్లు తెరవకుండానే.

"అయిపోయింది. లేవండి, భోజనానికి," అన్నాను.